పూలదారంతో పెట్రోలు లెక్క

ఫిబ్రవరిలో కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, కాక్రేన్ నుంచి అబిటిబి కాన్యన్, కపుస్కేసింగ్ మీదుగా హర్స్ట్ దాకా స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద వెళ్లి రావాలని నెల రోజులుగా ప్లాన్ చేస్తున్నాం. టొరంటో నుంచి కాక్రేన్ చేరడానికే దాదాపు 700 కిలోమీటర్ల డ్రైవ్.

రాత్రి భోజనాలయ్యాక టేబుల్ మీద మ్యాప్ పరిచాను. మా ఆవిడ పూలు కట్టే దారం తెచ్చి, ట్రెయిల్ వంపుల వెంట ఓపిగ్గా పరిచింది. మా బండి ఒక ట్యాంకుతో నమ్మకంగా వెళ్లే 150 కిలోమీటర్లకి ఒక ముడి. ముడి పడిన చోట బంకు లేకపోతే అదనంగా క్యాన్ మోయాల్సిందే. మెత్తటి మంచులో బండి ఇంకా ఎక్కువ తాగుతుంది.

పోయినేడాది ఒక సరస్సు మీద, మంచు కింద ఊరిన నీళ్లలో బండి కింద తిరిగే రబ్బరు పట్టా (ట్రాక్) కూరుకుపోయింది. బండిని బయటికి లాగేసరికి తడిసిన గ్లవ్స్ చెక్కల్లా బిగుసుకుపోయాయి. వేళ్లకి స్పర్శ తిరిగొచ్చేదాకా నాకు మాట రాలేదు. అందుకే ఈసారి గ్లవ్స్ మూడు జతలు, బండికి స్పేర్ బెల్ట్, ఫోన్ సిగ్నల్ లేనిచోట పనిచేసే శాటిలైట్ మెసెంజర్ కూడా. తెల్లటి ఐసుని అస్సలు నమ్మకూడదు, గాజులా కనిపించే ఐసులో సగం బలమే దానికి.

రెండో ముడి మాత్రం ఇంకా అడవి మధ్యలోనే పడుతోంది. రేపు అక్కడి స్నోమొబైల్ క్లబ్‌కి ఫోన్ చేసి అడగాలి.