ఉయ్యాల వచ్చేలోగా

ఫిబ్రవరి ఆఖర్లో ఒక రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి, "అమ్మా, ఈసారి క్యాంపింగ్‌లో నేను టెంట్‌లో పడుకోను. హ్యామక్‌లో పడుకుంటా" అంది. అంటే రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాలలో. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "వద్దు. మంచు పడుతుంది, జలుబు చేస్తుంది."

అన్నాక ముద్ద మింగుడు పడలేదు. ఆ మాట నాది కాదు, మా నాయనమ్మది.

మాది కోనసీమ. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ వాకిట్లో నులకమంచాలు వాల్చుకుని పడుకునేవాళ్ళం. నేనూ తమ్ముడూ సప్తర్షుల్ని వెతుక్కుంటూ నిద్రపోయేవాళ్ళం. నాకు 12 ఏళ్ళు వచ్చిన ఏడు, పెద్దమనిషినయ్యాక, నా మంచం గదిలోకి వెళ్ళిపోయింది. "మంచు పడుతోందమ్మా, లోపల పడుకో" అంది నాయనమ్మ. అది మే నెల. తమ్ముడి మంచం వాకిట్లోనే ఉండిపోయింది. నాన్న అక్కడే ఉన్నారు, ఏమీ అనలేదు. అసలు కారణం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అర్థమైంది. ఆ తర్వాత నేను ఆరుబయట పడుకున్నది లేదు. పెళ్ళయి అమెరికాలోని నార్త్ కరోలినా వచ్చాక ఆ ఆలోచనే రాలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు 12 ఏళ్ళు. మర్నాడు పొద్దున్నే "సరే" అన్నాను.

తను స్కౌట్స్‌లో ఉంది. క్యాంపింగ్ మెరిట్ బ్యాడ్జ్ రావాలంటే 20 రాత్రులు క్యాంపుల్లో గడపాలి. ఎన్ని అయ్యాయో ఫ్రిజ్ మీద కాగితం అంటించి గీతలు పెట్టుకుంటోంది. ఇద్దరం కూర్చుని కావలసినవన్నీ చూశాం: 11 అడుగుల హ్యామక్, చెట్లకు చుట్టే వెడల్పాటి పట్టీలు, దోమతెర, వాన పడకుండా పైన కట్టే టార్ప్, చలి తగలకుండా కింద వేలాడదీసే అండర్‌క్విల్ట్. ఆ ఆఖరిది ఎవరికి వాళ్ళకి కొలత ప్రకారం కుట్టి పంపుతారట. ఆరు వారాలు పడుతుందన్నారు. హ్యామక్, పట్టీలు కూడా అదే పెట్టెలో వస్తాయి. 12 ఏళ్ళ పిల్లకి ఆరు వారాలంటే ఒక యుగం. ముఖం చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

నేను రాయాలనుకున్నది ఆ ఆరు వారాల గురించే.

ఆ శనివారం పొద్దున ఎనిమిదింటికి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. నాన్న పశువుల సావిట్లో ఉన్నారు. మా అమ్మాయి రోజూలాగే "తాతయ్యా, బాగున్నారా? భోంచేశారా?" అని రెండు ముక్కలు అడిగి ఫోన్ నాకిచ్చేయబోయింది. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు, వేమన పద్యాలు అన్నీ నేర్చుకుంది కానీ తాతయ్యతో మాట్లాడడానికి దానికి విషయమే ఉండేది కాదు. ఆ రోజు మాత్రం నాన్న చేతిలో పలుపు చూసి ఆగిపోయింది. దూడని గుంజకి కడుతున్నారు. "తాతయ్యా, అది ఏ నాట్? మళ్ళీ వేయండి" అంది.

నాన్న ఫోన్‌ని గోడకి ఆనించి మళ్ళీ వేశారు. తాడు కొసని మడిచి, ఆ మడతని ఉచ్చులోంచి దూర్చి బిగించారు. దూడ ఎంత గుంజినా ఊడదు, మనం కొస పట్టుకుని లాగితే ఒక్క లాగుకి వచ్చేస్తుంది. "వాన వచ్చినా, నిప్పు అంటుకున్నా గబుక్కున విప్పాలి కదమ్మా. పీటముడి వేస్తే ఇంకేం విప్పుతాం?" అన్నారు. మా అమ్మాయి లోపలికి పరిగెత్తి తన స్కౌట్ తాడు తెచ్చుకుంది.

అలా మొదలైంది. ప్రతి శనివారం ఒక ముడి. మెడకి వేసే ముడి ఎప్పుడూ జారుముడి కాకూడదని, దూడ లాగేకొద్దీ అది ఉరిలా బిగుస్తుందని నాన్న చెప్పినప్పుడు, తను బిగుసుకోని ముడి వేసి చూపించింది. స్కౌట్స్‌లో దాన్ని బోలైన్ అంటారు. ఇంకో వారం తనే టీచర్ అయింది. టార్ప్ తాడుని ఎంత కావాలంటే అంత బిగించడానికి, వదులు చేయడానికి వేసే టాట్‌లైన్ హిచ్ చూపించింది. నాన్నకి మూడోసారికి వచ్చింది. టార్ప్‌ని మా వైపు బరకం అంటారు, కళ్ళంలో ధాన్యం మీద కప్పేది. "గాలివాన నాడు బరకానికి ఈ ముడి ఉంటే ఎంత బాగుండేది" అన్నారు నాన్న. ఆ మాట విని మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తన దగ్గరున్నది ఒకటి తాతయ్యకి పనికొచ్చింది.

మూడో వారమో నాలుగో వారమో గమనించాను. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. "తాతయ్యా, నీ ముడి ఊడిపోయింది చూడు!" అంటోంది. మేము చిన్నప్పుడు మా తాతయ్యని పిలిచినట్టే. తెలుగు బడిలో "మీరు" నేర్పారు, నేను కూడా అదే పట్టుబట్టాను. ఈ "నువ్వు" ఎవరూ నేర్పలేదు.

సామాను రాకముందు అసలు పడుకోవడం ఎలా అలవాటు చేసుకోవాలని ఆలోచిస్తే నాకు మన చీర ఉయ్యాలే గుర్తొచ్చింది. హ్యామక్ అన్నది కరీబియన్ దీవుల్లోని తైనో ప్రజల మాట. 1492లో కొలంబస్ మనుషులు వాళ్ళ దగ్గర చూసి, స్పానిష్‌లోకి తెచ్చుకున్నారు. మనకి ఉయ్యాల మన ఇళ్ళలోనే ఉంది. ఇప్పుడు అమ్మే హ్యామక్‌లలో చాలావరకు రెండు కొసలా బట్టని కుచ్చిళ్ళు పోసి కట్టినవే. చంటిపిల్లలకి దూలానికి కట్టే చీర కూడా అంతే.

అమ్మ ఇచ్చిన పాత నేత చీర తీసి, రెండు మడతలు వేసి, కుచ్చిళ్ళు పోసి, పెరట్లో పైన్ చెట్టుకీ ట్యులిప్ పాప్లర్‌కీ మధ్య కట్టాం. రెండింటికీ మధ్య 14 అడుగులు. కూర్చుంటే నేల నుంచి 18 అంగుళాలు, అంటే కుర్చీ ఎత్తు. మా అమ్మాయి పడుకుంటే బాగానే ఆగింది. మా చిన్నోడు, దాని తమ్ముడు, ఎగిరి పక్కన దూకాడు. చీర పర్రుమని చిరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎత్తు తక్కువ కాబట్టి. మీరు ప్రయత్నించదలిస్తే పాత చీరతో వద్దు, కొత్త గట్టి బట్టతోనే చేయండి, ఒక్కరే పడుకోండి, మోకాలి ఎత్తు దాటనివ్వకండి. అమ్మ చీర పోయిందని నాకు బాధేసింది. మిగిలిన ముక్కతో చిన్న దిండుకి గలేబు కుట్టాను.

తర్వాత ఒక గట్టి కాన్వాస్ గుడ్డ కొని దాంతో సాధన చేశారు. మా ఆయన దాని మీద లెక్కలు నేర్పారు. పట్టీ నేలకి సమాంతరంగా ఉండే గీత నుంచి 30 డిగ్రీలు పైకి లేవాలి. చేతిని పిస్తోలులా పట్టి, బొటనవేలి కొస నుంచి చూపుడువేలి కొసకి గీత ఊహించుకుంటే దాదాపు ఆ వాలే వస్తుంది. ఆ వాలులో 60 కిలోల మనిషి పడుకుంటే ఒక్కో పట్టీ మీద 60 కిలోల లాగుడు పడుతుంది. వెడల్పుగా, బిగుతుగా ఉంటే సుఖంగా ఉంటుందని 10 డిగ్రీలకి లాగి కడితే అదే లాగుడు 170 కిలోలు దాటుతుంది. పట్టీ మీదా, చెట్టు మీదా, బట్ట మీదా అంత బరువన్నమాట. ఏడో తరగతి పిల్ల త్రికోణమితిలో సైన్ అంటే ఏమిటో ఆ పెరట్లో తెలుసుకుంది. వంగిన అరటిపండులా కాకుండా వెన్ను నిటారుగా ఉండాలంటే బట్టలో అడ్డంగా, ఐమూలగా పడుకోవాలి. ఇది చదివితే అర్థం కాదు, పడుకుని చూడాల్సిందే.

చలి సంగతి మాత్రం ఒక రాత్రి స్వయంగా పడితేనే తెలిసింది. మార్చి నెలలో 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (10 డిగ్రీల సెల్సియస్) ఉన్న రాత్రి, స్లీపింగ్ బ్యాగ్‌తో పెరట్లో పడుకుంది. రాత్రి రెండు గంటలకి వణుకుతూ లోపలికొచ్చింది. స్లీపింగ్ బ్యాగ్‌లో వేడి ఆపేది దూదీ ఈకలూ కాదు, వాటి మధ్య నిలిచిన గాలి. వీపు కింద అది నలిగిపోతుంది, కింద నుంచి గాలి కొడుతూనే ఉంటుంది. నాన్నకి చెబితే, "నులకమంచం సంగతే కదా. సందుల్లోంచి గాలొస్తుందనే ఎండాకాలం వాకిట్లో వేసుకునేది. చలికాలం బొంత పరుచుకోమూ?" అన్నారు. మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అండర్‌క్విల్ట్ అంటే అదే, కాకపోతే ఒంటి కింద నలగకుండా బయటి వైపు వేలాడుతుంది. అది వచ్చేదాకా నలగని ఫోమ్ మ్యాట్ ఒకటి లోపల పరిస్తే సరిపోయింది.

ఇంకొక విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యం. చెట్టుకి కట్టేముందు పైకి చూడాలి. ఎండిన కొమ్మ, ఒరిగిన మాను, బెరడు ఊడిన చెట్టు ఉంటే ఆ చోటు వదిలేయాలి, ఎంత అందంగా ఉన్నా సరే. ఇది నాన్నకి వివరించనక్కర్లేకపోయింది. కొబ్బరిచెట్టు కింద మంచం వేయకూడదని మా ఊళ్ళో నడిచే పిల్లాడికి కూడా తెలుసు. "నేల చూసి కాదు, ఆకాశం చూసి మంచం వాల్చాలి తల్లీ" అన్నారు. జోర్డాన్ లేక్ ఒడ్డున ఆస్ప్రే గద్దల గూళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి ఇప్పుడు ప్రతి పైన్ చెట్టునీ తలెత్తి పరీక్షిస్తుంది: మాను జానెడు మందం ఉందా, పైన ఎండు కొమ్మ ఉందా అని.

వెడల్పు పట్టీలు ఎందుకని నాన్న అడిగారు. సన్న తాడు బెరడుని కోస్తుందని, బెరడు వెనకే చెట్టుకి తిండి నడిచే దారి ఉంటుందని తను చెప్పింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ పట్టుకుని పెరట్లో వేపచెట్టు దగ్గరికి వెళ్ళి చూపించారు. ఏళ్ళ తరబడి గేదెని కట్టిన చోట మాను చుట్టూ లోతుగా గాటు పడి ఉంది. మర్నాటి నుంచి అక్కడ తాడు కింద గోనెసంచి చుడుతున్నారు.

ఇక చిన్న చిన్నవి. వాన నీళ్ళు పట్టీ వెంట హ్యామక్‌లోకి పాకకుండా పట్టీకి చిన్న దారం ముక్క కట్టి వేలాడదీస్తే, చూరు నీళ్ళలా అక్కడ కారిపోతాయి. ఇక్కడి అడవుల్లో పిడుదులు ఎక్కువ, సాయంత్రం ఒళ్ళంతా చూసుకోవాలి. కొన్ని పార్కుల్లో చెట్లకి ఏదీ కట్టనివ్వరు కాబట్టి ముందే అడగాలి. మా అమ్మాయే ఫోన్ చేసి అడిగింది.

ఏప్రిల్ మొదట్లో, పైన్ పుప్పొడి కార్ల మీదా మెట్ల మీదా పసుపు చల్లినట్టు పడుతున్న వారంలో పెట్టె వచ్చింది. విప్పిన పావుగంటలో అన్నీ కట్టేసింది. చేతులు వాటంతట అవే పనిచేశాయి. ఆ వారాంతం పార్కుకి వెళ్ళాం. మా ఆయనా చిన్నోడూ టెంట్‌లో పడుకున్నారు. కాన్వాస్ గుడ్డ ఖాళీగా ఉంది. "నీక్కూడా కట్టనా అమ్మా?" అంది. పైకి చూసి, రెండు చెట్లు ఎంచి, నాకు ఫోమ్ మ్యాట్ పరిచి, అమ్మమ్మ చీర గలేబు వేసిన దిండు పెట్టి, పైన టార్ప్ ఒక వైపు పైకి ఎత్తి కట్టింది. ఆ వైపు నుంచి ఆకాశం కనబడింది. పైన్ కొమ్మల మధ్య సప్తర్షుల్ని వెతికి తనకి చూపించాను. ఇక్కడ బిగ్ డిప్పర్ అంటారట. ఏడుగురి పేర్లు నాకు వరసగా గుర్తు రాలేదు. నాలుగు చెప్పేసరికి నిద్రపోయింది.

పొద్దున ఆరున్నరకి నాన్నకి వీడియో కాల్ చేశాం. మా అమ్మాయి ఫోన్‌ని ముందు పైకి తిప్పి కొమ్మలు చూపించింది. తర్వాత టార్ప్ తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి ఊడి తాడు కింద పడింది. "అదీ!" అన్నారు నాన్న.

తర్వాత నన్ను పిలవమన్నారు. "నువ్వెక్కడ పడుకున్నావమ్మా?"

"బయటే నాన్నా."

చాలాసేపు ఏమీ అనలేదు. వెనక దూడ అరుస్తోంది.

"మంచు పడలేదు కదా?" అన్నారు.

"లేదు నాన్నా. పైన బరకం కట్టింది."