మా వాడికి ట్రిపుల్ సైన్స్ రాలేదు - నా అనుభవం

మేం యూకేలో ఉంటాం, మా వాడు చదివింది బాయ్స్ సెకండరీ స్కూల్లో. ఇయర్ 9లో, అంటే పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో, సబ్జెక్టులు ఎంచుకునే ఆప్షన్స్ టైంలో లెటర్ వచ్చింది, సైన్స్‌లో మూడు సబ్జెక్టులు విడివిడిగా చదివే ట్రిపుల్ కాదు, కలిపి చదివే కంబైన్డ్ అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ట్రిపుల్ రాకపోతే ఇంక సైన్స్ లైన్ మూసుకుపోయినట్టే అని మా ఫ్రెండ్స్ అందరూ అనేవాళ్ళు. నేను టెన్త్ చదివినప్పుడు ఫిజికల్ సైన్స్ 50 మార్కులు, నేచురల్ సైన్స్ 50 మార్కులు, క్లాసంతా అవే పేపర్లు రాశాం, పిల్లల్ని ఇలా విడగొట్టడం నాకు కొత్త.

పేరెంట్స్ ఈవెనింగ్‌లో సైన్స్ సార్ దగ్గర దొరికింది ఐదు నిమిషాలే కానీ ఆయన చాలా ఓపిగ్గా చెప్పారు. రెండిట్లోనూ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఉంటాయి, పేపర్లు కూడా ఆరే. వీళ్ళది ఏక్యూఏ బోర్డు, ట్రిపుల్లో ఒక్కో పేపర్ గంటా నలభై ఐదు నిమిషాలు, 100 మార్కులు, మూడు జీసీఎస్‌ఈలు (ఇక్కడి టెన్త్ లాంటివి) వస్తాయి. కంబైన్డ్‌లో గంటా పదిహేను నిమిషాలు, 70 మార్కులు, రెండు జీసీఎస్‌ఈలు, గ్రేడ్ 7-6 ఇలా జంటగా ఇస్తారు, 9 అన్నిటికన్నా పైది. మీరు చూసుకోవాల్సింది ట్రిపులా కాదా అని కాదమ్మా, ఏ టయరు అని, అంటే తేలికైన ఫౌండేషన్ పేపరా, కష్టమైన హయ్యర్ పేపరా అని, అన్నారు. ఫౌండేషన్ టయర్లో ఎంత బాగా రాసినా 5-5 దాటదు, ఇక్కడ ఇంటర్ లాంటి 'ఏ లెవెల్' (A level) సైన్స్‌కి చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే అడుగుతారు. ఈ ముక్క నాకు ఎవ్వరూ చెప్పలేదు!

ఇయర్ 10 చివర్లో మాక్ పరీక్షల్లో (అసలు పరీక్షలకి ముందు స్కూల్లో పెట్టేవి) మార్కులు తగ్గి, వీణ్ణి ఫౌండేషన్‌కి మార్చే మాట వచ్చింది. పేపర్లు ఇంటికి తెప్పించుకుని కూర్చుని చూస్తే, పోయినవి ఎక్కువగా ప్రాక్టికల్స్ మీద ప్రశ్నలే. కంబైన్డ్‌లో 21 రిక్వైర్డ్ ప్రాక్టికల్స్ ఉంటాయి, చేసినందుకు మార్కులు ఉండవు గానీ పేపర్లలో కనీసం 15 శాతం మార్కులు వాటి మీదే. వీడు ల్యాబ్‌లో అన్నీ చేశాడు, ఏది మార్చాం ఏది కొలిచాం అంటే రాయలేకపోతున్నాడు. అప్పట్నుంచి రోజూ అన్నం తినేటప్పుడు ఒక ప్రాక్టికల్ నాకు తెలుగులో చెప్పాలి అని పెట్టాం, వైరు పొడుగు పెరిగితే రెసిస్టెన్స్ ఎందుకు పెరిగిందిరా అంటే మొదట్లో నసిగేవాడు, రెండు నెలలకి వాడే నన్ను అడగడం మొదలుపెట్టాడు. హయ్యర్‌లోనే ఉంచారు, ఇయర్ 11 అయ్యాక ఆగస్టు రిజల్ట్స్‌లో 8-7 వచ్చింది.

ఒక్కటే బాధ. స్పేస్ ఫిజిక్స్ ట్రిపుల్ వాళ్ళకే ఉంటుంది, వీడికేమో చిన్నప్పట్నుంచి నక్షత్రాలంటే ప్రాణం. పరీక్షలో రాదని తెలిసీ ఆ చాప్టర్ ఇంట్లో మొత్తం చదివాడు, నక్షత్రం పుట్టుక నుంచి చివరిదాకా బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఇప్పుడు ఏ లెవెల్ ఫిజిక్స్ చేస్తున్నాడు, ఆప్షన్ యూనిట్‌గా వాళ్ళ కాలేజీ ఆస్ట్రోఫిజిక్స్ తీసుకుంది. ఆ బొమ్మ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.