విజ్ఞానకోశాల మరమ్మతు పద్దు: నల్లగొండ, ఏప్రిల్ నుంచి జులై దాకా

ఏప్రిల్ – ఫారాల లెక్క

బల్ల మీదున్నది సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం, కొన్ని సంపుటాలు లేని సెట్టు. ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధాన సంపాదకులుగా హైదరాబాదు నుంచి ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. మొదటిది 1958 నాటిది. అకారాది క్రమంలో కూర్చిన కోశంలో ఒక్క సంపుటం పోతే కొన్ని అక్షరాలే పోతాయి. తెలుగు భాషా సమితి మాత్రం తన విజ్ఞాన సర్వస్వాన్ని విషయాల వారీగా వేసింది, అందులో ఏ ఒక్క సంపుటం దొరికినా ఆ శాస్త్రం వరకు పనికొస్తుంది. అందుకే అకారాది సెట్టు చేతికి రాగానే అట్టల సంగతి పక్కనపెట్టి పేజీలు సరిచూడాలి.

లెటర్‌ప్రెస్ కాలపు పుస్తకాల్లో చాలావాటికి ప్రతి ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. ఆ అంకెలోంచి ఒకటి తీసేసి, ఫారంలోని పేజీల లెక్కతో హెచ్చవేసి, ఒకటి కలిపితే ఆ ఫారం మొదలయ్యే పేజీ వస్తుంది. పదహారు పేజీల ఫారాలైతే 23వ ఫారం 353వ పేజీతో మొదలవ్వాలి, ఎనిమిది పేజీలవైతే 177తో. పీఠికకు వేరే అంకెలు వేసి ఉంటే లెక్క అసలు పాఠం దగ్గర మొదలుపెట్టాలి. లెక్క కుదరలేదని పేజీలు పోయాయనుకోవద్దు, ముందూ వెనకా ఫారాలు తిరగేయాలి. పాత బైండింగుల్లో ఫారాలు తారుమారై కుట్టుపడటం మామూలే.

అక్షరక్రమం ఇంకో చిక్కు కూడా తెస్తుంది. బ్రిటానికా మొదటి కూర్పు 1768లో ఎడింబరోలో వారం వారం భాగాలుగా మొదలై 1771కి మూడు సంపుటాలైంది. మొదటి సంపుటమంతా ఏ, బీ అక్షరాలకే సరిపోయింది. సీ నుంచి ఎల్ దాకా రెండోదాంట్లో, మిగతా అక్షరాలన్నీ మూడోదాంట్లో కుక్కారు. మన కొమర్రాజు లక్ష్మణరావు అలా కుక్కలేదు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ దాటలేదు. 1923లో ఆయన పోయాక, 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు. లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా చేశారు. అప్పట్లో అది చుట్టూ నిజాం రాజ్యం ఉన్న కృష్ణా జిల్లా ముక్క, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. పూర్తి కాలేదని ఆ మూడు సంపుటాలను పక్కన పెట్టేవాళ్లున్నారు. తెలుగులో శాస్త్ర విషయం ఎలా రాయాలో తేల్చిన పని అది. ఎక్కడ దొరికినా ముందు వాటినే బాగుచేయాలి.

మే – విప్పడం, దులపడం

తడిగుడ్డ వద్దు. ఎర్రమట్టి దుమ్ము తడి తగిలితే మరకై కాగితంలోకి దిగుతుంది. రెండంగుళాల మెత్తటి బ్రష్‌తో వెన్ను నుంచి అంచు వైపే ఊడ్చాలి. వెన్ను మీద గట్టిపడ్డ పాత జిగురును గీకితే మడతలు చిరుగుతాయి. దాని మీద చిక్కటి లై (మైదా ఉడికించిన జిగురు) మందంగా పట్టించి పావుగంట వదిలేస్తే మెత్తబడుతుంది, అప్పుడు మొద్దు ప్లాస్టిక్ చెక్కతో తీయాలి.

ఆర్ట్ పేపర్ మీద అచ్చేసిన బొమ్మల జోలికి మాత్రం తడి రానివ్వొద్దు. ఆ కాగితానికి సన్నటి మట్టి పూత ఉంటుంది. తడిసి, ఒత్తిడిలో ఆరితే రెండు పేజీలు ఒక్కటై అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. బొమ్మలు విడిగా రావడం పాత అలవాటే. రాగి రేకు మీద చెక్కిన బొమ్మకు వేరే యంత్రం కావాలి, సీసపు అక్షరాలతో కలిపి అచ్చు వేయడం కుదరదు. దిదరో ఫ్రెంచి సర్వస్వం (1751–1772) పదిహేడు సంపుటాల పాఠం, పదకొండు సంపుటాల బొమ్మలుగా వచ్చింది అందుకే. మన సెట్టులోనూ బొమ్మల పేజీలకు వరస అంకెలు ఉండకపోవచ్చు, కాబట్టి విప్పేముందే ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా ఉందో రాసిపెట్టుకోవాలి.

జూన్ – లై, కుట్టు

మైదా ఒక గిన్నె, నీళ్లు ఐదు గిన్నెలు. మొదట చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూనే ఉండాలి. తెల్లదనం పోయి నిగనిగలాడితే దించి, గుడ్డలో వడకట్టాలి. నల్లగొండ ఎండల్లో మర్నాటికే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే వండుకోవాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం బైండర్ల అలవాటు. అందులోని రాగి కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. పురుగు భయముంటే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ పద్దెనిమిది డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పొద్దు, లోపల చెమ్మ చేరుతుంది.

లావు సంపుటానికి పక్క కుట్టు వేయనివ్వకండి. పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి వరసలు కనబడవు, బలంగా తెరిస్తే పెళుసు కాగితం కుట్టు పక్కనే విరుగుతుంది. మడత మధ్యలోంచే కుట్టాలి, దారానికి తేనెమైనం రాయాలి. అంచు కటింగ్ అసలే వద్దని బైండర్‌కు ముందే చెప్పాలి.

ఎండకు కాలికో గుడ్డ (అట్టకు తొడిగే నూలు గుడ్డ) మీది లై గబగబా ఆరి అట్టను బయటికి వంచేస్తుంది. లోపలి వైపు కూడా కాగితం అంటిస్తే రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. కాగితం పీచు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. చిన్న ముక్క తడిపి చూస్తే పీచు పొడవునే గొట్టంలా చుట్టుకుంటుంది.

జులై – ‘చూ.’ చీటీలు

పేజీల్లోని ‘చూ.’ (చూడండి) అన్న సూచనల్లో కొన్ని మన దగ్గర లేని సంపుటాలకు దారితీస్తాయి. 1728లో ఛేంబర్స్ తన సైక్లోపీడియాలో చెల్లాచెదురైన విషయాలను ఇలాంటి సూచనలతోనే ఒకచోటికి ముడివేశాడు. అవి తెగితే కోశం సగం పని మానేసినట్టే. ఒక్కో సూచనకు ఒక చీటీ రాస్తున్నాం: శీర్షిక, ఉండాల్సిన సంపుటం, స్కాన్ ఎక్కడుందో. చీటీని అంటించకుండా పేజీలో పెట్టడమే. మొదటి అక్షరం పక్కనే సున్న ఉన్న మాటల దగ్గర జాగ్రత్త: ‘అంగడి’ లాంటివి కొన్ని నిఘంటువుల్లో ‘అ’ మొదట్లోనే వస్తాయి, కాబట్టి చీటీల వరసను ఆ కోశం పాటించిన క్రమంలోనే పెట్టాలి.

చినిగిన పేజీలకు నకలు ప్రింట్లు ఎనభై జీఎస్ఎం క్రీమ్ కాగితం మీద తీసి, మూలన పెన్సిలుతో ‘నకలు’ అని రాశాం. బొమ్మల పేజీలను గుడ్డ పట్టీలతో ఫారాలకు తగిలించడం మిగిలింది. వానకాలపు చెమ్మలో ఆర్ట్ పేపర్‌ను ముట్టుకోవడం మంచిది కాదు, అక్టోబరు తర్వాతే ఆ పని.