సూదిలో దారి

మణికట్టు నొప్పి మొదలైనప్పటి నుంచి టైపు చేయడం మానేసి, కంప్యూటర్‌కు చెప్పి రాయించుకుంటున్నాను. ఈ రోజు పొద్దున్నే నాన్నమ్మ జ్ఞాపకాలు చెప్పడానికి కూర్చున్నాను. నేను చెప్పేది మొదట ఒక చిన్న పెట్టెలో పడుతుంది. సరిచూసుకుని మీట నొక్కితే అసలు పేజీలోకి చేరుతుంది. రెండు పేరాలు అలా పంపాను. మూడోది చెబుతుండగా తెర బిగుసుకుపోయింది. పెట్టె, పేజీ రెండూ మాయం. అప్పటికి ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు.

చేత్తో రాసింది పోతే చేతికైనా కొంత గుర్తుంటుంది. నోటితో చెప్పింది ఎక్కడ వెతుక్కోవాలి? చాలాసేపు ఆ ఖాళీ తెరనే చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు తట్టింది. ఆ పెట్టె తనలోని రాతను పేజీలోకి పంపేది, కాపీ చేసినది తాత్కాలికంగా ఉండే క్లిప్‌బోర్డు మీదుగానే! అలా కాపీ అయినవాటిని వరుసగా దాచిపెట్టే క్లిప్‌బోర్డు చరిత్రను విండోస్‌లో ఎప్పుడో ఆన్ చేసి ఉంచాను. విండోస్ మీట, వి కలిపి నొక్కాను. రెండు పేరాలూ అక్కడే ఉన్నాయి. మొదటి దానిలో ‘సూదిలో దారి ఎక్కించేది’ అని ఉంది. నేను చెప్పింది దారం. ఆ తప్పును చూసి ప్రాణం లేచివచ్చింది.

మూడో పేరా మాత్రం పెట్టె దాటలేదు కనుక దొరకలేదు. నాన్నమ్మ దారం కొసను పెదవులతో తడిపి, సూదిని వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి బెజ్జం వెతికే తీరు అది. మళ్లీ చెప్పాను. పొద్దున ఒక్క ఊపులో వచ్చిన వాక్యం ఇప్పుడు మూడు ముక్కలుగా వచ్చింది. విషయం అదే, ఆ ఊపిరి లేదు.

2018లో విండోస్ 10కు వచ్చిన ఈ క్లిప్‌బోర్డు చరిత్ర సదుపాయాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. చెప్పి రాయించుకునేవాళ్లకు మొదటి రోజే ఎవరైనా ఈ మాట చెప్పాలి. చివరి 25 అంశాలే ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కాపీ చేసిన పాస్‌వర్డులు కూడా అందులో చేరవచ్చు కనుక అప్పుడప్పుడు చూసి తీసేయాలి.

సాయంత్రం మరో నాలుగు పేరాలు చెప్పాను. ఒక్కటి పూర్తికాగానే తప్పులతో సహా పేజీలోకి పంపి, సేవ్ చేశాకే తర్వాతి దానికి వెళ్లాను.

రాత్రి అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేయమని కంప్యూటర్ అడిగింది. ముందు ఆ రెండు పేరాలూ ఫైలులో ఉన్నాయో లేదో మరోసారి తెరిచి చూసుకున్నాను. ‘దారి’ని ఇంకా దిద్దలేదు.