గాలియం ఉన్న రోజు

పొద్దున్నే జనరేటర్ నుంచి, అంటే కరెంటుది కాదు, స్కాన్‌కి వాడే రేడియోధార్మిక గాలియం తయారయ్యే పెట్టె నుంచి, గాలియం తీశాం. గాలియం-68 ఉన్న రోజు డిపార్ట్‌మెంట్ అంతా పరుగే. 68 నిమిషాలకి సగం అయిపోతుంది, ఇంకో 68కి ఆ సగంలో సగం. కిట్‌లో కలిపి, క్వాలిటీ చూసుకుని సిరంజి నింపబోతుంటే మొదటి పేషెంట్ వాళ్ల ఫోను, ఎల్బీ నగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని. మామూలు పెట్ స్కాన్లకి వాడే ఎఫ్‌డీజీ అయితే సగం అవడానికి 110 నిమిషాలు, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. వెనకాల వాళ్లని ముందుకి పిలిచి ఎలాగో నెట్టుకొచ్చాం.

మధ్యాహ్నం లుటీషియం, ఇది వైద్యానికి ఇచ్చే రేడియోధార్మిక మందు. ఖమ్మం వైపు పెద్దాయన, ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలకి పాకింది. ఇది రెండో డోసు. ఆ కేన్సర్ కణాల మీద పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ బాగా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే మందుకి గాలియం తగిలిస్తే పెట్ స్కాన్‌లో కనబడుతుంది. లుటీషియం-177 తగిలిస్తే అక్కడే అతుక్కుని కణాన్ని చంపుతుంది. దాని బీటా కిరణాలు మహా అయితే రెండు మిల్లీమీటర్లు పోతాయి. స్కాన్‌లో మచ్చలు పట్టకపోతే ఈ మందు ఇవ్వరు. నాకు ఈ పనిలో బాగా నచ్చేది అదే.

ఇలా ముందు స్కాన్‌లో చూసి, అదే దారిలో మందు పంపడాన్ని థెరనోస్టిక్స్ అని ఇప్పుడేదో కొత్తగా పుట్టినట్టు మాట్లాడితే మాత్రం నవ్వొస్తుంది. బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ థైరాయిడ్ పేషెంట్‌కి రేడియో అయోడిన్ ఇచ్చింది 1941లో. కాకపోతే అమెరికాలో లుటీషియం మందులైన లుటాథెరాకి 2018లో, ప్లువిక్టోకి 2022లో అనుమతి వచ్చాక ఊపు మారింది. మన ముంబై ట్రాంబేలో ధ్రువ అణు రియాక్టర్‌లోనూ లుటీషియం చేస్తున్నారు. మందు వచ్చినా అది ఇచ్చే గది ఖాళీ ఉండదు, అదీ మా బాధ. రేడియేషన్ బయటికి పోకుండా గోడల నుంచి బాత్రూం నీళ్లు నిలవుంచే ట్యాంకు దాకా అన్నీ వేరుగా కట్టాలి మరి.

సెలైన్‌తో పాటు అరగంటలో మందు ఎక్కిపోయింది. "మంట లేదేంటమ్మా, పనిచేస్తందా?" అన్నాడాయన. లుటీషియం నుంచి గామా కిరణాలు కూడా వస్తాయి కాబట్టి మందు ఎక్కడికి చేరిందో కెమెరాలో చూడొచ్చు. మొదటి డోసు తర్వాత తీసిన బొమ్మనీ, అంతకుముందు పెట్ స్కాన్‌నీ పక్కపక్కన పెట్టి చూపించాను. నడుం పూసల్లో, తుంటిలో అవే మచ్చలు. దవడల దగ్గర కూడా నల్లగా ఉంటే అదేంటని అడిగాడు. లాలాజల గ్రంథులు బాబాయ్, అన్నాను. "అందుకా నోరెండిపోయి ముద్ద దిగట్లా!" అది నిజమే, ఆ బాధకి మా దగ్గర ఇంకా సరైన మందు లేదు. రక్తంలో ప్రోస్టేట్ కేన్సర్ జాడ చెప్పే పీఎస్ఏ తగ్గింది గానీ డాక్టర్ గారు ఆశించినంత కాదు.

ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి ఇంటికెళ్లాక కొన్నాళ్లు మనవణ్ణి పక్కలో పడుకోబెట్టుకోవద్దని వాళ్లబ్బాయికి చెబుతుంటే పెద్దాయనే అందుకున్నాడు: "వాడు నా దగ్గరకెందుకొస్తాడమ్మా, ఫోనున్నోళ్ల పక్కన పడుకుంటాడు."