మొదటిసారి వేయని ఇంజెక్షన్

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, పన్నెండో వారం రక్తపరీక్షల రిపోర్టు చూస్తూ డాక్టరమ్మ ఒక లైను దగ్గర ఆగారు. బిడ్డ ఎర్రకణాలను దెబ్బతీసే యాంటీబాడీలు తల్లి రక్తంలో ఉన్నాయేమో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ పాజిటివ్. అవి ఎంత ఉన్నాయో చెప్పే టైటర్ 1:4.

"ఇంతకుముందు అబార్షన్ ఏమైనా అయిందామ్మా?"

అయింది. అంతకు రెండేళ్ల కింద, పదకొండో వారంలో బిడ్డ గుండె ఆగిపోయిందని నల్లగొండలోనే ఒక నర్సింగ్ హోమ్‌లో డీ అండ్ సీ చేసి గర్భసంచి శుభ్రం చేశారు.

"అప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ వేశారా?"

ఆ పేరే నేను వినలేదు. ఇంటికొచ్చి బీరువాలోంచి పాత ఫైలు తీశాను. డిశ్చార్జి కాగితం పైన నా గ్రూపు ఏ నెగెటివ్ అని రాసే ఉంది. కింద మందుల దగ్గర యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, ఐరన్. అంతే. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను. మా ఆయనది ఓ పాజిటివ్. ఆ సంగతి కూడా ఆ రోజు ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ మమ్మల్ని హైదరాబాద్‌లో ఫీటల్ మెడిసిన్ డాక్టరు, అంటే కడుపులోని బిడ్డకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ఓపిగ్గా తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. బిడ్డలో సగం తండ్రిది. అంటే మన శరీరానికి సగం పరాయిది. వేరేవాళ్ల కిడ్నీ పెడితే ఒప్పుకోని శరీరం, బిడ్డను తొమ్మిది నెలలు ఎలా మోస్తుందని పీటర్ మెడావర్ అనే శాస్త్రవేత్త 1953లోనే అడిగారట. జవాబులో ఒక భాగం మాయలో, అంటే ప్లాసెంటాలో ఉంది. తల్లి వైపుకు ఉండే మాయ కణాలు, పరాయివని పట్టిచ్చే మామూలు గుర్తులు చాలావరకు బయటపెట్టవు. హెచ్‌ఎల్‌ఏ-జి అనే వేరే గుర్తు చూపించి మన రోగనిరోధక కణాలను శాంతంగా ఉంచుతాయి. వాటికి తోడు, రోగనిరోధక దాడిని అదుపులో పెట్టే మన రెగ్యులేటరీ టి కణాలు. 2025లో వైద్యంలో నోబెల్ వచ్చింది ఈ కణాల మీద పనికే అని తర్వాత పేపర్లో చదివినప్పుడు నాకు ఆ బొమ్మే గుర్తొచ్చింది.

"మరి నాకెందుకిలా అయింది సార్?" అనడిగాను.

మాయ దగ్గర కుదిరిన ఆ సర్దుబాటు, బిడ్డ రక్తం నేరుగా మన రక్తంలో కలిస్తే పనికిరాదట. తల్లిది నెగెటివ్ గ్రూపు అయినప్పుడు అబార్షన్‌లోనో కాన్పులోనో బిడ్డ పాజిటివ్ రక్తం కాస్త మనలోకి వస్తే చాలు, శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటి వల్ల ఆ మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. 72 గంటల్లోపు యాంటీ-డి వేస్తే, మన శరీరం గుర్తుపెట్టుకునే లోపే ఆ పరాయి కణాలు తుడిచిపెట్టుకుపోతాయి. గుర్తుపెట్టుకున్నాక ఎన్ని ఇంజెక్షన్లు వేసినా లాభం లేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. తల్లి నుంచి బిడ్డకు జబ్బులు రాకుండా కాపాడే యాంటీబాడీలు ఏ దారిన వెళ్తాయో, ఇవీ ఆ దారినే వెళ్తాయట. బస్సులో తిరిగొస్తుంటే దారంతా అదే ఆలోచన. బిడ్డను కాపాడాలని పంపేదీ నేనే, బిడ్డ రక్తాన్ని చెడగొట్టేదీ నేనే. ఎల్బీనగర్ దాటకముందే ఏడుపొచ్చేసింది. మా ఆయన ఏమీ అనలేదు, నా చేతిలోని ఫైలు తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇరవయ్యో వారంలో టైటర్ 1:8, ఇరవై నాలుగులో 1:32. అప్పట్నుంచి వారం, పది రోజులకోసారి పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కడం, హైదరాబాద్‌లో డాప్లర్ స్కాన్. బిడ్డ మెదడుకు వెళ్లే ఒక రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. రక్తం తగ్గి పలచబడితే వేగం పెరుగుతుంది. ఆ వయసు బిడ్డకు మామూలుగా ఉండే వేగానికి 1.5 రెట్లు దాటితే, కడుపులో ఉండగానే బొడ్డుతాడులోకి సూది పెట్టి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. నాకు మొదట 1.2, తర్వాత 1.3, ముప్పై నాలుగో వారంలో 1.42. స్క్రీన్ మీద చిన్న తలలో ఎరుపు నీలం రంగులు మెరుస్తుంటే, నేను రంగులు చూడడం మానేసి డాక్టరు ముఖమే చూస్తుండేదాన్ని.

1.5 దాటలేదు. ముప్పై ఏడో వారంలో నొప్పులు తెప్పించారు, పాప పుట్టింది. బొడ్డుతాడు రక్తంలో హిమోగ్లోబిన్ 12.1, ఎర్రకణాలు విరిగితే పెరిగి పసిరికలు తెచ్చే బిలిరుబిన్ 4.8. పాప గ్రూపు పాజిటివ్. ఒళ్లో పెట్టి పది నిమిషాలు కూడా కాలేదు, తీసుకెళ్లిపోయారు. రక్తం మొత్తం మార్చాల్సి రావచ్చని సంతకం పెట్టించుకున్నారు. ఓ నెగెటివ్ రక్తం కోసం మా ఆయన రాత్రంతా బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగాడు. మా అత్తమ్మ పసిరికలంటే పొద్దుటెండలో పెడితే పోతాయి కదా అంది. ఇది ఆ పసిరికలు కాదత్తమ్మా అని చెప్పడానికి నాకు ఓపిక లేదు.

నీలం లైట్ల కింద కళ్లకు గంతలు కట్టుకుని, డైపర్ తప్ప ఒంటిమీద నూలుపోగు లేకుండా పడుకుంది పాప. పాలకు మాత్రం రెండు గంటలకోసారి బయటికి తీసి ఇచ్చేవారు. గంతలు తీస్తే కళ్లు చికిలించి చూసేది. నా పాలలోనూ యాంటీబాడీలు ఉంటాయేమో అని భయపడ్డాను, ఏం కాదు ఇవ్వమ్మా అన్నారు. నాలుగు రోజులకు బిలిరుబిన్ దిగింది. రక్తం మార్చే పని పడలేదు.

అంతటితో అయిపోలేదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. నా యాంటీబాడీలు పాప ఒంట్లో ఇంకొన్ని వారాలు ఉంటాయి కాబట్టి రక్తం మెల్లగా తగ్గుతూ వస్తుంది. వారం వారం మడమకు సూది గుచ్చి చూసేవారు. నాలుగో వారంలో హిమోగ్లోబిన్ 8.2కి పడిపోయింది. ఫోలిక్ యాసిడ్ చుక్కలు వేస్తూ ఆగాం. మూడో నెల నిండేసరికి అదే పెరిగింది.

మా చెల్లిది కూడా నెగెటివే. నిరుడు దానికి కడుపు నిలవగానే బ్లడ్ గ్రూపు కాగితాలు నేనే దగ్గరుండి చూశాను. కూంబ్స్ నెగెటివ్. ఇరవై ఎనిమిదో వారానికి యాంటీ-డి 300 మైక్రోగ్రాములు వాళ్ల ఊళ్లో దొరకలేదు. ఇక్కడ కొని, థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టుకుని, ఒళ్లోంచి దించకుండా బస్సులో తీసుకెళ్లాను. మనిషి ప్లాస్మాతో చేసినదని పెట్టె మీద రాసి ఉంది. ఎవరో దానం చేస్తేనే ఇది తయారవుతుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఇందుకోసమే 1,100 సార్లకు పైగా ఇచ్చారు, 2025లో చనిపోయారని వార్తల్లో వచ్చింది. నర్సమ్మ సూది వేస్తుంటే చెల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. నేను మాత్రం సిరంజి మొత్తం ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.