చేతులు తిరుపతిలో, నోరు కువైట్‌లో

కువైట్‌లో నా ఉద్యోగానికి పేరేదైనా ఉండనీ, చేసే పని ఒకరికి చేతులుగా ఉండటమే. సర్వర్ రూములో రాత్రి డ్యూటీ. ఇంకో దేశంలో కూర్చున్న ఇంజనీరు ఫోన్లో చెబుతాడు: మూడో ర్యాకు, పైనుంచి ఐదోది, ఎడమ పక్క డిస్కు లాగు. లాగుతాను. ఎందుకని అడిగితే వాళ్లకు నచ్చదు.

పోయిన శుక్రవారం మాత్రం నేను నోరయ్యాను. చేతులు తిరుపతిలో ఉన్న మా అక్క కొడుకువి.

మా బావకు లీలామహల్ సర్కిల్ దగ్గర పెళ్లిళ్ల ఫోటో స్టూడియో. వీడియోలు దాచుకోవడానికి ఒక పాత కంప్యూటరులో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, నాలుగు హార్డ్‌డిస్కులు పెట్టి ఇచ్చింది నేనే. సరిగ్గా ముహూర్తాల సీజన్లో అది మొరాయించింది. "నువ్వు పెట్టిన డబ్బానే గదా, నువ్వే చూడు" అన్నాడు బావ. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, ఇక్కడ ఆరు. డ్యూటీ దిగి ఫర్వానియా రూముకొచ్చి ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

అల్లుడు వీడియో కాల్‌లో ఫోనును స్క్రీను ముందు పట్టుకున్నాడు. డీమెసేజ్ కొట్టించాను, మిషను లేచేటప్పుడు ఏ డిస్కు ఎలా కలిసిందో చూపించే కమాండు అది. మూడు డిస్కుల పక్కన సెకనుకు 600.000 ఎంబీ, సాటా 3.ఎక్స్ అని ఉంది. సాటా అంటే డిస్కును మదర్‌బోర్డుకు కలిపే లింకు. ఏడీఏ2 అనే డిస్కు దగ్గర మాత్రం 150.000, సాటా 1.ఎక్స్. డిస్కూ, మదర్‌బోర్డు మీది కంట్రోలరూ కలిసినప్పుడు పెద్ద వేగంతో మొదలుపెట్టి, కుదరకపోతే మెట్టు మెట్టు దిగుతాయి. ఇది అడుగు మెట్టు మీద కూర్చుంది.

డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్‌లో 199వ వరుస, సీఆర్‌సీ తప్పుల లెక్క, వందల్లో ఉంది. ఒక ఫైలు కాపీ పెట్టిస్తే కళ్ల ముందే పెరిగింది. అది పెరుగుతుంటే ముందుగా అనుమానించాల్సింది కేబులును. దారిలో చెడిన డేటాను మళ్లీ మళ్లీ పంపుకోవడానికే టైమంతా పోతుంది.

"మిషను ఆపి కేబులు పీకు."

"ఏ కేబులు మామా? ఈడ నాలుగూ ఎర్రగానే ఉండాయి."

క్యాబినెట్టు నెత్తిన ఆయుధపూజ నాటి కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. లోపల వేలు మందాన దుమ్ము. డిస్కుల స్టిక్కర్ల మీద సీరియల్ నంబర్లు చదివించి, స్క్రీను మీది నంబరుతో సరిపోల్చి, మొత్తానికి దాన్ని పట్టుకున్నాం. షాపు తెరిచాక వాడు కొత్త కేబులు కొనుక్కొచ్చి బిగించాడు. సీఆర్‌సీ లెక్క ఆగింది. అది ఎప్పటికీ తగ్గదు, పెరక్కుంటే చాలు. కాపీ వేగం సెకనుకు 110 ఎంబీకి వచ్చింది. బావ కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.

డీమెసేజ్‌లో ఏడీఏ2 పక్కన మాత్రం అదే 150.

వదిలేయొచ్చు. నేను వదల్లేదు. కొన్ని డిస్కులకు వెనక చిన్న జంపరు ఉంటుంది, అది పెడితే వేగం 1.5 గిగాబిట్ల దగ్గరే, అంటే ఈ 150 దగ్గరే ఆగిపోతుంది. చూడమన్నాను. లేదు. మదర్‌బోర్డు మీద కేబులు దూర్చే పోర్టును పక్క డిస్కుతో మార్పించాను. నాలుగు డిస్కులనూ కలిపి నడిపే జెడ్‌ఎఫ్‌ఎస్ వాటిని వాటి మీది గుర్తులతోనే పోల్చుకుంటుంది కాబట్టి భయం లేదు. ఈసారి మన డిస్కుకు 600 వచ్చింది, పక్కదానికి 150 పడింది. అంటే జబ్బు పోర్టుదే.

"మదర్‌బోర్డు పోయినట్టుందిరా" అనేశాను.

"అట్లెట్లా మామా? ఏమిటికి పోతాది?"

"చెప్పింది చెయ్యరా!" అని గసిరాను. గసిరాక, ఆ గొంతు నేను రోజూ ఫోన్లో వినేదే అనిపించింది.

వాడు ఊరికే ఉండలేదు. సెట్టింగుల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాడు. "మామా, లోడర్.కాన్ఫ్‌లో ఇదేందో ఉండాది చూడు."

మిషను లేచేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైలు అది. అందులో ఒక లైను: హింట్.ఏహెచ్‌సీఐసీహెచ్.2.సాటా_రెవ్, దాని విలువ 1. ఆ ఛానెలు, అంటే ఆ పోర్టు, అడుగు మెట్టు దాటకూడదని అర్థం. రాసింది నేనే. పోయినసారి సెలవులో చివరి రోజు ఇదే కేబులు సతాయిస్తుంటే, వేగం తగ్గిస్తే సద్దుమణిగిందని ఆ లైను పెట్టేసి చెన్నై బస్సెక్కాను. కేబులు మార్చమని బావకు చెప్పాలనుకున్నాను. పుత్తూరు దాటేలోపే మర్చిపోయుంటాను. ఇప్పుడు మంచి మదర్‌బోర్డుకు పాడె కట్టబోయాను.

లైను తీయించి రీబూట్ చేయించాను. నాలుగింటికీ 600. రూములో ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను. పక్క మంచం ఆయన దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

అల్లుడు ఒక పెళ్లి వీడియో కాపీ పెట్టి చూశాడు.

"మామా, మళ్లీ అదే 110 వస్తా ఉండాది గదా?"

నిజమే. స్టూడియోలో ఉన్నది గిగాబిట్ నెట్‌వర్కు, దాంట్లో అంతకుమించి పోదు. ఆ మాటకొస్తే తిరిగే పళ్లేల డిస్కు 600కి దగ్గర్లోకి కూడా రాదు.

"మరి ఇంతసేపు ఏమిటికి పీకిపిస్తివి?"

"మూత బిగించు. నాలుగు స్క్రూలూ పెట్టాల" అన్నాను.